‘ఈ పుస్తకం నాకు నచ్చలేదు’

వేసవి సెలవులు వచ్చాయంటే మా మస్జిద్‌లో ప్రతి యేటా పిల్లలకు దీనీ తరగతులు జరుగుతాయి. ఫజ్ర్ నమాజు అనంతరం ప్రారంభమై ఎండ ముదరకముందే ముగుస్తాయి. ఆ తరువాత పిల్లలు ఏమి చేస్తున్నారన్న ప్రశ్న మమ్మల్ని ఏనాడూ బాధించలేదని ఒప్పుకోక తప్పదు. పాఠం అప్పజెప్పించుకోవడంతో మా బాధ్యత తీరిందని భావించేవారము. గత వేసవిలో మా వీధి చివరనున్న శాఖా గ్రంథాలయ అధికారి స్వయంగా వచ్చి, అక్కడి వేసవి పఠన శిబిరానికి మా పిల్లలనూ పంపమని, వీలైతే వారానికొకసారి మమ్మల్నీ వచ్చి కూర్చోమని కోరారు. కాదనలేకపోయాము.

శిబిరపు పద్ధతి బహు సులువైనది. పిల్లలు తమకిష్టమైన పుస్తకం ఇంటికి తీసుకుపోతారు. తిరిగి ఇచ్చేటప్పుడు బల్లమీద ఉన్న పెద్ద రూళ్ళ పుస్తకంలో తమ అభిప్రాయం వ్రాస్తారు. గురువారంనాడు అందరూ చాపలమీద కూర్చుని, వ్రాసినవి చదివి మాట్లాడుకుంటారు.

మొదటి గురువారం మేము వెళ్ళి చూస్తే, ఆ పుస్తకం నిండా ఒకే వాక్యం. “ఈ పుస్తకం చాలా బాగున్నది. ఇందులో మంచి నీతి ఉన్నది.” మా పిల్లల వినయం చూసి మేము లోలోపల సంతోషించాము. గ్రంథాలయ అధికారి మాత్రం సంతోషించలేదు. “హజ్రత్, వీరు పుస్తకం గురించి వ్రాయలేదు. మీరు వస్తున్నారని తెలిసి, మీకు నచ్చేది వ్రాశారు” అన్నారు మెల్లగా. ఆ మాట మాకు కొంత కష్టం కలిగించింది.

రెండవ వారం పన్నెండేళ్ళ బాలిక ఒకతె ఇలా వ్రాసింది: “ఈ పుస్తకం నాకు నచ్చలేదు.” అది ఒక నీతికథల సంపుటి. విచిత్రమేమంటే, గ్రంథాలయానికి దానిని బహూకరించినది మేమే. ఎందుకు నచ్చలేదని అడిగితే, తల వంచుకుని అయినా స్పష్టంగానే చెప్పింది. “మొదటి పేజీలోనే చివర ఏమవుతుందో తెలిసిపోతుంది. అబద్ధమాడిన పిల్లవాణ్ణి అందరూ తిట్టారు. వాడికి ఎందుకు భయం వేసిందో ఒక్కరూ అడగలేదు.”

ఆ వాక్యం కొట్టివేయించాలన్న ఆలోచన మాకు కలిగిన మాట నిజం. చేయి కలం దాకా వెళ్ళింది కూడా. అక్కడే ఆగిపోయాము. ఎందుకంటే ఆ ఉదయమే మేము పెద్ద విద్యార్థులకు ఫిఖహ్ పాఠం చెప్పి వచ్చాము. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం ఇది, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల అభిప్రాయం ఇది అని మూడింటినీ పక్కపక్కనే చెప్పడం మా నిత్యకృత్యం. గురువుతో శిష్యులు విభేదించిన సందర్భాలు ఆ గ్రంథాలలో ఎన్నో ఉన్నాయి. ఎవరూ వాటిని కొట్టివేయలేదు. ప్రతి అభిప్రాయం వెనుకా దలీల్, అంటే ఆధారం, ఉండాలన్నదే నియమం. ఆ బాలిక ఆధారం చూపనే చూపింది. మరి మాకు అభ్యంతరమేమిటి?

మేము చదువుకునే రోజులలో రాత్రిపూట తక్రార్ జరిగేది. ఉస్తాద్ లేని సమయంలో విద్యార్థులు గుంపుగా కూర్చుని, ఒకరు పాఠం తిరిగి చెబుతుంటే తక్కినవారు అడ్డు తగిలేవారు, వాదించేవారు. పాఠం మాకు నిజంగా అర్థమైనది ఆ గంటలలోనే. ఉస్తాద్ ఎదుట మాత్రం అందరమూ తలలూపేవారము! నలభై ఏళ్ళు గడిచాక ఆ తలలూపుడునే మేము వినయమని మెచ్చుకుంటున్నాము.

మూడవ వారం నుండి మేము వెనుక వరుసలో కూర్చున్నాము. మాట్లాడకుండా ఉండడం ఉపాధ్యాయునికి ఎంత కష్టమో తోటి ఉపాధ్యాయులకే తెలుస్తుంది.

ఆ వారం ఒక బాలుడు ‘రైలుబడి’ గురించి చెప్పాడు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయనాగి తన బాల్యాన్ని గురించి వ్రాసిన పుస్తకానికి ఇది తెలుగు అనువాదం. టోక్యోలో పాత రైలు పెట్టెలే తరగతి గదులుగా నడిచిన బడి అది. 1945లో బాంబుదాడులలో కాలిపోయింది. రైలు పెట్టెల ముచ్చట చెబుతాడనుకుంటే, ఆ బాలుడు అది వదిలి, చేరిన మొదటిరోజున ప్రధానోపాధ్యాయుడు ఆ పిల్ల చెప్పిన కబుర్లన్నీ నాలుగు గంటలపాటు విన్నాడన్న సంగతి దగ్గరే ఆగిపోయాడు. “నాలుగు గంటలు ఎవరైనా వింటారా? ఇది నమ్మేలా లేదు” అన్నాడు. పిల్లలు నవ్వారు. ఒకరిద్దరు వెనక్కి తిరిగి మావైపు చూశారు. మేము నేలచూపులు చూశాము.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ పుస్తకం మూయగానే “నీతి ఏమిటి?” అని అడగకండి. “ఎక్కడ ఆగావు?” అని అడిగి చూడండి.

చివరి గురువారం మొదట చెప్పిన ఆ బాలికే ‘ఏడు తరాలు’ తెచ్చింది. అలెక్స్ హేలీ ఆంగ్లంలో 1976లో ప్రచురించిన ఈ గాథను తెలుగులోకి తెచ్చినవారు సహవాసి. గాంబియా దేశంలోని జుఫూరే గ్రామపు ముస్లిం యువకుడు కుంటా కింటేను బానిసల వ్యాపారులు పట్టుకుని అమెరికాకు తరలిస్తారు. ఆ బాలిక రోజూ రాత్రి కొంత చదివి, తెలుగు చదవడం రాని తన దాదీకి ఉర్దూలో చెప్పేదట. యజమానులు అతని పేరు మార్చిన చోట దాదీ కోపగించుకున్నదట. ఓడ ప్రయాణం వచ్చినప్పుడు చాలించమన్నదట. మరునాడు తానే అడిగి చెప్పించుకున్నదట. అన్నీ విన్నాక ఒకే ప్రశ్న వేసింది. “ఆ అబ్బాయి తల్లికి కబురు అందిందా?”

బాలిక పుస్తకమంతా మళ్ళీ వెదికింది. కట్టె నరకడానికి వెళ్ళిన కుంటా మరి కనబడలేదని, ఎన్నో తరాల తరువాత ఆ గ్రామపు కథకుడు హేలీకి చెప్పిన మాట తప్ప మరేమీ దొరకలేదు. దాదీ ఏమీ అనకుండా తస్బీహ్ అందుకున్నదట. ఆమె చిన్న కుమారుడు రియాద్‌లో ఉంటాడని మా వీధిలో అందరికీ తెలుసు.

“దాదీకి వ్రాయడం రాదు. ఆమె అభిప్రాయం నేను వ్రాయవచ్చునా?” అని బాలిక అడిగింది. గ్రంథాలయ అధికారి మావైపు చూశారు. మేము కలం ఆమెవైపు జరిపాము.

ఆమె వ్రాసింది: “తల్లికి కబురు అందినట్లు ఇందులో లేదు. అది దాదీకి నచ్చలేదు.”

వెళ్ళేముందు మరొకసారి ఆ పేజీ తిప్పి చూశాము. ఆ వాక్యం కింద ఎవరో పెన్సిలుతో “నాకు కూడా” అని వ్రాసి ఉన్నారు.