తంతిలేని వలలో తప్పుచేయు కణుపులు

ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయముకడ నిలిచిన యొక విద్యార్థి, నాంపల్లి రైలుస్టేషనులోనున్న తన తండ్రికి ఫోనుమీద వార్త పంపగోరె ననుకొందము. ఆ వార్త సాధారణముగా సెల్ టవరు మీదుగా పోవును. టవరు పనిచేయనిచో నేమగును? ఇది వట్టి యూహ కాదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖపట్టణమున విద్యుత్తుతోపాటు ఫోను వ్యవస్థయు దెబ్బతినెను.

అట్టి వేళలకై టవరుతో పనిలేని వలను శాస్త్రజ్ఞులు కల్పించిరి. త్రోవ పొడుగునను జనుల చేతులలోనున్న ఫోనులే వార్తను ఒకదానినుండి మరియొకదానికి చేరవేయును. ఒక్కొక్క ఫోను ఆ వలలో నొక కణుపు. పరుల వార్తను మోయుటకు ప్రతి కణుపును తన బ్యాటరీని కొంత వ్యయపరుపవలెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది. స్వార్థముగల కణుపు, చేరవేసెదనని యొప్పుకొని వార్త నందుకొని, నడుమనే జారవిడుచును.

2000వ సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందులకు రెండుపాయములు చూపిరి. మొదటిది కావలి. రేడియో తరంగములు నలుదెసల వ్యాపించును గదా! కావున వార్తనిచ్చిన కణుపు, పొరుగు కణుపు దానిని ముందునకు పంపినదో లేదో తానే వినవచ్చును. పలుమారులు వినబడనిచో దోషమని తలచును. రెండవది కణుపుల యోగ్యత నెంచి, నమ్మదగిన త్రోవను ఎన్నుకొనుట. కంప్యూటరుపై చేసిన పరీక్షయందు, కణుపులు మితముగా సంచరించుచు, నూటికి 40 చెడ్డవై యున్నను, వార్తల చేరిక 17 శాతము హెచ్చెను.

అయినను కావలి పొరబడవచ్చును. అదే క్షణమున వేరొక తరంగ మడ్డుపడినచో నిర్దోషియు దోషివలె తోచును. కావుననే ఒక్క తప్పునకే ముద్ర వేయరాదు. వేసిన ముద్రయు చిరకాలమునకైన తొలగవలెనని ఆ పరిశోధకులే సూచించిరి.

ఇంకొక చిక్కు గలదు. చెడ్డ కణుపును తప్పించి పోయినంతమాత్రమున దానికి శిక్షలేదు; బరువు తగ్గును, తన వార్తలనుమాత్రము ఇతరులు మోయుచునేయుందురు. 2002లో స్విట్జర్లాండులోని ఇరువురు పరిశోధకులు ప్రకటించిన కాన్ఫిడాంట్ అను పద్ధతి ఈ లోపమును దిద్దెను. అందు సోమరి కణుపు వార్తను పొరుగు కణుపులు మోయవు. కాని అబద్ధపు నిందలు వ్యాపించినచో మంచి కణుపునకే కీడు గలుగును. కావున స్వయముగా కనుగొన్నదానికి ఎక్కువ విలువ నీయవలెను.

విద్యార్థులారా! ఆబిడ్సునుండి బయలుదేరిన వార్త నాంపల్లి చేరుట, త్రోవలోని అపరిచితులు తమ పాలి బరువును మోయుటపై నాధారపడి యున్నది.