వ్యాధి తర్వాత, టీకా తర్వాత అవయవ సమస్యలు – కారణ నిర్ధారణే కీలకం

వైరస్ వ్యాధి సోకి తగ్గిన తర్వాత గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు వంటి అవయవాలలో సమస్యలు తలెత్తడం వైద్యరంగానికి కొత్త కాదు. అత్యంత అరుదుగా టీకా తర్వాత కూడా ఇటువంటి సమస్యలు ఎదురవుతాయి. అయితే టీకా తర్వాత సంభవించిన ప్రతి అనారోగ్యానికీ టీకాయే కారణమని గాని, దేనికీ టీకా కారణం కాదని గాని విచారణకు ముందే ప్రకటించడం సరికాదు. కోవిడ్-19 అనుభవం ఈ విషయాన్ని స్పష్టం చేసింది.

వ్యాధి వలన కలిగే సమస్యలు

కోవిడ్ ప్రధానంగా ఊపిరితిత్తుల వ్యాధి అయినప్పటికీ, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతుంది. ఫలితంగా గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల రక్తనాళాలలో గడ్డలు, గుండె కండరాల వాపు, మూత్రపిండాల వైఫల్యం సంభవించవచ్చు. కొందరు పిల్లలలో వ్యాధి సోకిన 2 నుంచి 6 వారాల తర్వాత ఒకేసారి పలు అవయవాలలో వాపు కనిపించింది.

టీకా వలన కలిగే సమస్యలు

అడినోవైరస్ ఆధారిత టీకాల తర్వాత రక్తం గడ్డకట్టడంతోపాటు ప్లేట్‌లెట్లు తగ్గిపోయే అరుదైన సమస్యను 2021 మార్చిలో ఐరోపా వైద్యులు గుర్తించారు. కోవిషీల్డ్ ఈ తరహా టీకాయే. టీకా పొందిన 4 నుంచి 42 రోజులలోపు ఎక్కువగా కనిపించే ఈ సమస్యలో సాధారణంగా వాడే హెపారిన్ మందును నివారించాలని వైద్యులు సూచించారు. సకాలంలో గుర్తించడం ఎందుకు అవసరమో దీనివలన అర్థమవుతుంది.

ఫైజర్, మోడెర్నా సంస్థల ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాల తర్వాత, ముఖ్యంగా రెండవ డోసు పొందిన వారంలోపు, యువకులలో గుండె కండరాల వాపు అరుదుగా నమోదైంది. వీరిలో అత్యధికులు చికిత్సతో కోలుకున్నారు. ఈ రెండు టీకాలను భారత టీకా కార్యక్రమంలో వినియోగించలేదు.

గణాంకాలు తెలిపేది

దేశంలో 2021 జనవరి 16న కోవిడ్ టీకా కార్యక్రమం ప్రారంభమైంది. ఏప్రిల్ 3 నాటికి సుమారు 7.54 కోట్ల డోసులు ఇచ్చారు. 498 తీవ్ర ఘటనలను పరిశీలించిన జాతీయ కమిటీ, వాటిలో 26 రక్తం గడ్డకట్టిన కేసులు కావచ్చని అదే ఏడాది మే నెలలో తెలిపింది. కోవిషీల్డ్ తర్వాత ఇది 10 లక్షల డోసులకు 0.61 మాత్రమే. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ విషయంలో అటువంటి కేసు కనబడలేదు. అయితే 753 జిల్లాలకుగాను 684 జిల్లాల నుంచే నివేదికలు అందాయి. నివేదిక రాకపోవడం, ఘటన జరగకపోవడం ఒకటి కావని అధికారులు గమనించాలి.

యువతలో ఆకస్మిక మరణాలపై ఆందోళన వ్యక్తమైన నేపథ్యంలో, భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రులలో జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. 18–45 ఏళ్ల వయసులో ఆకస్మికంగా మరణించిన 729 మందిని, 2,916 మంది ఇతరులతో పోల్చారు. టీకా వలన ముప్పు పెరిగినట్లు తేలలేదు. గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, కుటుంబంలో ఆకస్మిక మరణాలు, మరణానికి ముందు 48 గంటలలో అతిగా మద్యం సేవించడం, తీవ్ర శారీరక శ్రమ వంటివాటితో ముప్పు ముడిపడి ఉన్నట్లు వెల్లడైంది.

విచారణ జరిగే తీరు

టీకా తర్వాత మరణం, ఆసుపత్రిలో చేరిక, వైకల్యం వంటి తీవ్ర ఘటన జరిగితే వైద్యాధికారి 24 గంటలలోపు జిల్లా ఇమ్యూనైజేషన్ అధికారికి నివేదించాలి. చికిత్స పత్రాలు, పరీక్షా ఫలితాలు, మరణం సంభవిస్తే శవపరీక్ష నివేదిక సేకరించాలి. వాటి ఆధారంగా నిపుణుల కమిటీ ఘటనను నాలుగు వర్గాలలో ఒకదానిలో చేర్చుతుంది. అవి: టీకాతో లేదా టీకా ఇచ్చిన విధానంతో సంబంధం ఉన్నది, అనిశ్చితమైనది, యాదృచ్ఛికమైనది, సమాచారం చాలక వర్గీకరించలేనిది.

ఒక ఘటనను ప్రచురించేటప్పుడు టీకా పేరు, డోసు తేదీ, లక్షణాలు మొదలైన రోజు, విచారణ ఏ దశలో ఉన్నదీ పాత్రికేయులు పేర్కొనడం పాఠకులకు మేలు చేస్తుంది. విచారణ ఫలితం వెలువడగానే, అది ఏదైనప్పటికీ, బాధిత కుటుంబానికీ ప్రజలకూ తెలియజేయడం అధికారుల బాధ్యత. అరుదైన నష్టాన్ని దాచితే టీకాపై నమ్మకం పోతుంది. లేని నష్టాన్ని ప్రచారం చేస్తే ప్రజలు వ్యాధి బారిన పడతారు.