భూ అయస్కాంత తుఫానులు – భూమధ్యరేఖా ప్రాంతపు ఐనోఆవరణం

2024 మే 10, 11 తేదీల భూ అయస్కాంత తుఫాను వేళ అమెరికాలో జీపీఎస్ గతి తప్పి, పలువురు రైతులు మొక్కజొన్న విత్తడం ఆపవలసి వచ్చింది. భూమధ్యరేఖా ప్రాంతంలో ఈ సమస్య స్వరూపం వేరు.

అయస్కాంత భూమధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. అక్కడ పగటి విద్యుత్ క్షేత్రం ప్లాస్మాను పైకి లేపగా, అది అయస్కాంత రేఖల వెంట ఇరువైపులా జారి సుమారు 15 అయస్కాంత అక్షాంశాల వద్ద పోగుపడుతుంది. తెలుగు రాష్ట్రాలు ఈ రెంటి నడుమ ఉన్నాయి. తుఫాను ఆరంభంలో ధ్రువప్రాంతాల నుండి చొచ్చుకువచ్చే విద్యుత్ క్షేత్రం పగటివేళ ప్లాస్మాను మరింత ఎత్తుకు లేపుతుంది. కొన్ని గంటల తరువాత, తుఫాను వేడిమికి చెలరేగిన గాలుల వలన పుట్టే క్షేత్రం ఆ ఉత్థానాన్ని అణచివేస్తుంది. కనుక తీవ్రత ఎంత అన్నదానితో పాటు, స్థానికంగా ఏ వేళ తాకింది అన్నదీ చూడాలి. సూర్యాస్తమయవేళ తాకితే ప్లాస్మా బుడగలు ఏర్పడి ఉపగ్రహ సంకేతాలు మినుకుమంటాయి. రెండు పౌనఃపున్యాల రిసీవరు సంకేత జాప్యాన్ని సరిదిద్దగలదు గాని, తెగిన సంకేతాన్ని తిరిగి తేలేదు.