తీసేసిన కాలమ్ ఎక్కడికి పోతుంది?

డేటాబేస్‌లో ఒక టేబుల్ నుంచి కాలమ్ తీసేయడానికి ఒక్క పంక్తి ఆదేశం చాలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనైతే కోటి వరుసలున్న టేబుల్ మీద కూడా అది రెప్పపాటులో అయిపోతుంది. కోటి వరుసలనూ తిరగరాయాల్సి వస్తే అంత వేగం ఎక్కడిది?

సమాచారం యంత్రంలో ఎలా అమరి ఉందో వాడుకునేవాళ్లకు తెలియాల్సిన పని ఉండకూడదని 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ పట్టుబట్టాడు. రిలేషనల్ డేటాబేస్ పుట్టుకే ఆ పట్టుదలలో ఉంది. కాలమ్ తొలగింపు కూడా దాని మీదే ఆధారపడింది.

బర్క్‌లీలో 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్‌కు ఈ సౌకర్యం 2002లో, 7.3 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు కొత్త టేబుల్ తయారుచేసి, కావలసిన కాలమ్‌లను అందులోకి ఎక్కించి, పాతదాన్ని తీసేసి, పేరు మార్చుకోవాల్సి వచ్చేది. ఇండెక్సులు, అనుమతులు మళ్లీ మొదటి నుంచి.

7.3లో పోస్ట్‌గ్రెస్ రూపకర్తలు ఎంచుకున్న దారి ఎంతో తెలివైనది. టేబుళ్ల వివరాలు దాచుకునే కేటలాగ్‌లో ప్రతి కాలమ్‌కూ ఒక నమోదు ఉంటుంది. తొలగించమనగానే అందులో ‘తీసేశాం’ అన్న గుర్తు పడుతుంది. అదే పేరుతో రేపు మరో కాలమ్ పెట్టుకునే వీలుండేలా అసలు పేరు చెరిపి, చుక్కలతో నిండిన ఉత్తుత్తి పేరు పెడతారు. డేటా రకం సున్నా అవుతుంది. కానీ పొడవు, అమరిక వివరాలను మాత్రం ముట్టుకోరు. ఎందుకంటే పాత వరుసల్లో ఆ బైట్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని దాటితేనే పక్క కాలమ్ దొరుకుతుంది. పాత క్రమసంఖ్యను ఇంకెవరికీ ఇవ్వరు. అందుకే టేబుల్‌కు 1600 కాలమ్‌ల పరిమితిలో తీసేసినవి కూడా లెక్కకొస్తాయి.

2000లో రిచర్డ్ హిప్ తయారుచేసిన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కు కాలమ్ తీసేసే ఆదేశం 2021 మార్చిలో గానీ రాలేదు. అది టేబుల్ నిర్మాణాన్ని ఒక వాక్యంగా, అక్షరాల రూపంలోనే దాచుకుంటుంది. కాబట్టి ఆ వాక్యంలోంచి కాలమ్ ముక్కను కత్తిరించి, వరుసలన్నిటినీ తిరగరాస్తుంది. ఆ కాలమ్ మీద ఇండెక్స్ ఉంటే ముందుకు కదలనే కదలదు. పెద్ద టేబుల్‌కు సమయం పడుతుంది, అయినా నాకు ఈ పద్ధతి మీదా గౌరవమే. తీసేయమన్నవాడి ఉద్దేశానికి ఇదే దగ్గర.

పోస్ట్‌గ్రెస్‌లో ఫోన్ నంబర్లో, ఆధార్ నంబర్లో ఉన్న కాలమ్‌ను తొలగించినవాళ్లు అక్కడితో ఆగకండి. ఆ అంకెలు డిస్క్ మీద ఉంటాయి. రద్దీ లేని వేళ చూసి, టేబుల్‌ను తిరగరాసే ‘వాక్యూమ్ ఫుల్’ ఆదేశం నడపండి, అది పూర్తయ్యేదాకా టేబుల్‌కు తాళం పడుతుంది. పాత బ్యాకప్‌ల సంగతి కూడా చూడండి.