భయం బిడ్డ కోసం, ముప్పు తల్లికి

2020 ఫిబ్రవరిలో చైనాలోని వుహాన్ నుంచి ఒక చిన్న పరిశీలన లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొవిడ్ న్యుమోనియాతో ఉన్న తొమ్మిది మంది గర్భిణుల వివరాలవి. అందరికీ సిజేరియనే చేశారు. వారిలో ఆరుగురి ఉమ్మనీరు, బొడ్డుతాడు రక్తం, చనుబాలు, బిడ్డ గొంతు నుంచి తీసిన నమూనా పరీక్షిస్తే ఎక్కడా వైరస్ కనపడలేదు. హమ్మయ్య అనుకున్నారు. అప్పట్లో డాక్టర్లైనా, ఇంట్లో పెద్దవాళ్లైనా ముందుగా అడిగింది ఒకటే: కడుపులో బిడ్డకు అంటుతుందా? తల్లికి ఏమవుతుందన్నది ఆ వెనకే వచ్చేది. తర్వాత రెండేళ్లలో పోగైన లెక్కలు చూస్తే, ముందు అడగాల్సింది తల్లి గురించే.

బిడ్డకు నేరుగా సోకడం ఎందుకు అరుదో చూద్దాం. ఈ వైరస్ ఒక కణంలోకి చొరబడాలంటే సాధారణంగా ఆ కణం మీద రెండు ప్రోటీన్లు ఉండాలి. ఒకటి ఏసీఈ2, రెండోది టీఎంపీఆర్ఎస్ఎస్2. బ్యాంకు లాకరు తెరుచుకోవాలంటే మన తాళంచెవితో పాటు బ్యాంకువాళ్లదీ పడాలి కదా, అలాగన్నమాట. మాయలోని కణాల్లో ఈ రెండూ ఒకేచోట ఉండటం తక్కువ. పైగా వైరస్ తిష్ఠ వేసేది ముఖ్యంగా ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల్లో. రక్తంలో కలిసి మాయ దాకా వెళ్లడం అరుదు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన ఇంటర్‌కొవిడ్ అధ్యయనం 18 దేశాల్లో 2,100 మందికి పైగా గర్భిణులను పరిశీలించింది. కొవిడ్ సోకిన తల్లుల బిడ్డల్లో దాదాపు 13 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. కడుపులోనే అంటిందా, పుట్టాక అంటిందా అన్నది ఈ అంకె విడదీసి చెప్పదు. చనుబాలకూ బిడ్డకు సోకడానికీ సంబంధం మాత్రం కనపడలేదు.

కానీ ఈ సంగతి తేలేలోపే చాలా ఆస్పత్రుల్లో బిడ్డలను పుట్టీపుట్టగానే వేరే గదికి తీసుకెళ్లారు. చైనాలో మొదట్లో పద్నాలుగు రోజులు వేరుగా ఉంచమన్నారు. ముర్రుపాలు పట్టాల్సిన గంటలో డబ్బాపాలు పట్టారు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తల్లే పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ సంరక్షణను అందరికీ అందిస్తే 1,25,000కు పైగా పసిప్రాణాలు నిలుస్తాయని ఆ సంస్థ నిపుణులు 2021లో అంచనా కట్టారు. కొవిడ్ వల్ల పోయే పసిప్రాణాలు దానితో పోలిస్తే చాలా తక్కువ. ఆనాటి భయాన్ని తప్పుపట్టలేం. దాని ఖరీదు మాత్రం పసివాళ్లు కట్టారు.

ఇక తల్లి దగ్గరికి వద్దాం. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పెరిగి, ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొరను సుమారు నాలుగు సెంటీమీటర్లు పైకి నెడుతుంది. ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి ఐదోవంతు దాకా తగ్గుతుంది. అదే సమయంలో ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ ఐదోవంతు దాకా పెరుగుతుంది. నిల్వ తగ్గి, వాడకం పెరిగిన ఆ ఊపిరితిత్తుల్లోకి న్యుమోనియా దిగితే మామూలు మనిషి తట్టుకున్నంతసేపు ఆమె తట్టుకోలేదు. ఇంకోటి కూడా ఉంది. కాన్పులో రక్తస్రావం ఆగడానికి గర్భిణి రక్తం ముందునుంచే గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. కొవిడ్ కూడా రక్తాన్ని గడ్డకట్టించే జబ్బే. రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి.

ఇంటర్‌కొవిడ్ లెక్కల్లో కొవిడ్ సోకిన 706 మంది గర్భిణుల్లో 11 మంది చనిపోయారు. సోకని 1,424 మందిలో చనిపోయింది ఒక్కరు. బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా కూడా సోకినవారిలో ముప్పావు వంతు ఎక్కువ. ఇది ముదిరితే వచ్చే ఫిట్స్‌నే మన పల్లెల్లో గుర్రపువాతం అంటారు. దగ్గూ జ్వరమూ ఏమీ లేకుండా పాజిటివ్ వచ్చినవారికి మిగతా ముప్పులు పెద్దగా పెరగలేదు గానీ, ప్రీఎక్లాంప్సియా మాత్రం వారిలోనూ కొంత ఎక్కువగానే కనిపించింది. అధిక బరువు, షుగర్, ముందునుంచీ బీపీ ఉన్నవారికి గండం ఇంకా పెద్దది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి మహారాష్ట్ర ఆస్పత్రుల నుంచి ప్రెగ్‌కొవిడ్ పేరుతో వివరాలు సేకరించింది. మొదటి వేవ్‌లో కొవిడ్ సోకిన గర్భిణులు, బాలింతల్లో 14.2 శాతం మందికి లక్షణాలుంటే, రెండో వేవ్‌లో 28.7 శాతం మందికి కనిపించాయి. మరణాల రేటు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి ఎగబాకింది. ఇవి ఆస్పత్రికి చేరినవారి లెక్కలు కాబట్టి ఊరందరికీ ఇవే వర్తిస్తాయని అనుకోకూడదు. ఒక వేవ్‌కూ ఇంకోదానికీ వచ్చిన తేడాను మాత్రం దాచలేం.

వైరస్ తనదాకా రాకపోయినా, తల్లి జబ్బు భారం బిడ్డ మీద పడింది. తల్లికి ఊపిరి అందనప్పుడు, బీపీ అదుపు తప్పినప్పుడు డాక్టర్లు ముందే కాన్పు చేయాల్సి వచ్చింది. నెలలు నిండని కాన్పులు పెరగడానికి ముఖ్య కారణం ఇదే. కొందరిలో మాయే దెబ్బతింది. 12 దేశాల నుంచి సేకరించిన 68 మాయలను పరీక్షించిన నిపుణులు సగటున మూడొంతులకు పైగా భాగం పనికిరాకుండా పోయిందని గుర్తించారు. అవన్నీ కడుపులోనో, పుట్టిన వెంటనేనో చనిపోయిన బిడ్డలవి. బిడ్డకు వైరస్ సోకడం వల్ల కాదు, ఆక్సిజన్ అందక పోయిన ప్రాణాలవి. అమెరికాలో సుమారు 12 లక్షల కాన్పులను లెక్కిస్తే మృతశిశు జననాలు కొవిడ్ లేనివారిలో 0.64 శాతం, ఉన్నవారిలో 1.26 శాతం. డెల్టా రకం వైరస్ ప్రబలిన రోజుల్లో, కొవిడ్ ఉన్నవారిలో అది 2.70 శాతం.

వైరస్ సోకని తల్లులు కూడా నష్టపోయారు. నేపాల్‌లో తొమ్మిది ఆస్పత్రులను గమనిస్తే లాక్‌డౌన్‌లో అక్కడ కాన్పులు సగానికి పైగా తగ్గాయి, మృతశిశు జననాలు వెయ్యికి 14 నుంచి 21కి పెరిగాయి. బస్సుల్లేక, పోలీసు ఆపుతాడని, ఆస్పత్రికి వెళితే అంటుతుందని ఆగిపోయిన ఆడవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. మొదటి కాన్పుకు పుట్టింటికి చేరలేకపోయిన వాళ్ల సంగతి సరేసరి.

టీకా దగ్గర మళ్లీ అదే పాత భయం. 1950ల చివర్లో థాలిడోమైడ్ మాత్ర వల్ల పదివేలకు పైగా బిడ్డలు అవయవ లోపాలతో పుట్టాక, గర్భిణులను మందుల ప్రయోగాలకు దూరంగా పెట్టడం అలవాటైంది. దాంతో కొవిడ్ టీకాలు వచ్చే వేళకు వాళ్లకు పనికొస్తాయో లేదో చెప్పే లెక్కలే లేవు. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. బాలింతలకు మే 19న, గర్భిణులకు జులై 2న అనుమతి వచ్చింది. బ్రిటన్‌లో ఏప్రిల్ 16నే ఆ మాట చెప్పేశారు. ఆ రెండున్నర నెలల మధ్యలోనే మనకు రెండో వేవ్ తారస్థాయికి చేరి తగ్గింది. టీకా కొరత నిజమే, అయినా ఈ ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోలేను. టీకా వల్ల గర్భస్రావాలు పెరగలేదని తర్వాత చాలా దేశాల లెక్కలు చెప్పాయి. కడుపుతో ఉండగా తల్లి వేయించుకుంటే, ఆరు నెలల్లోపు బిడ్డ కొవిడ్‌తో ఆస్పత్రి పాలయ్యే అవకాశం 61 శాతం తగ్గిందని 2022 ఫిబ్రవరిలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ తెలిపింది. ఆ వయసు బిడ్డలకు టీకా లేదు కాబట్టి వాళ్లకు దక్కే రక్షణ తల్లి నుంచి వచ్చిందే.

ఇప్పుడు వైరస్ ఒమిక్రాన్ సంతతి రూపాల్లో తిరుగుతోంది, ఉధృతి తగ్గింది. అయినా గర్భిణికి జ్వరం, దగ్గు వస్తే ఇంట్లో ఆవిరి పట్టించి ఊరుకోకూడదు. జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఆక్సీమీటర్‌లో 95 కన్నా తగ్గినా, బిడ్డ కదలికలు మందగించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బీపీ మాత్రలు ఆపకూడదు. పక్కింటివాళ్ల చీటీ చూసి మందులు తెచ్చుకోకూడదు. అప్పట్లో మన దగ్గర విరివిగా వాడిన ఫావిపిరావిర్ గర్భిణులు వాడకూడని మందు. అలాగని డాక్టరు రాసిన ఛాతీ ఎక్స్‌రేను బిడ్డ కోసమని వద్దనడం కూడా సరికాదు. దాని నుంచి గర్భానికి చేరే రేడియేషన్ లెక్కలోకి రానంత తక్కువ.