కృత్రిమ గుండెకు గ్లిజరిన్ నీళ్ళ పరీక్ష

చలికాలంలో పెదవులు పగిలితే రాసుకునే గ్లిజరిన్ మనలో చాలామంది ఇళ్ళల్లో ఉంటుంది. అదే గ్లిజరిన్‌తో కృత్రిమ గుండెకు పరీక్ష పెడతారంటే నమ్ముతారా? నిజమేనండీ! మనిషి ఛాతీలో అమర్చబోయే యంత్రాన్ని ముందు ప్రయోగశాలలో బల్ల మీద నడిపి చూడాలి కదా. ఉత్త నీళ్ళు రక్తమంత చిక్కగా ఉండవు. అందుకని వాటిలో గ్లిజరిన్ కలిపి, ఆ చిక్కదనం తెప్పించి, గుండె చేత తోడిస్తారు.

గొట్టాలతో ఒంట్లో రక్తం తిరిగే దారిలాంటిది తయారుచేస్తారు. మన ధమనులు సాగుతాయి, గట్టి గొట్టాలు సాగవు. దానికి ఉపాయం చూడండి. మూత బిగించిన డబ్బాలో కింద ద్రవం, పైన గాలి ఉంచుతారు. గుండె కొట్టినప్పుడు గాలి అణిగి, ఆ తర్వాత ద్రవాన్ని ముందుకు నెడుతుంది. ఇక మొక్కలకు నీళ్ళు పట్టేటప్పుడు పైపుని వేలితో నొక్కుతామే, అలా నొక్కే బిగింపు ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పి బి.పి. పెంచుతారు, తగ్గిస్తారు.

మామూలుగా మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. అయితే ఎంత ఎక్కువ తోడితే అంత మంచి గుండె అనుకోకండి. కుడివైపు ఊపిరితిత్తులకి పంపినదంతా ఎడమవైపు అందుకుని ఒంటికి పంపాలి. ఎడమవైపు వెనకబడిందా, ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషికి ఊపిరాడదు. అందుకే లోపలికొచ్చే ద్రవాన్ని పెంచుతూ, బయటికి వెళ్ళేదీ అంతే పెరుగుతోందా అని కొలుస్తారు. అసలైన పరీక్ష ఇదే అంటాను నేను.

ఇక మన్నిక. గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకోవాలి మరి! 1982 డిసెంబరు 2న అమెరికాలోని ఉటా విశ్వవిద్యాలయంలో బార్నీ క్లార్క్ అనే దంతవైద్యుడికి జార్విక్-7 గుండె అమర్చారు. రెండు వారాలైనా కాకుండానే అందులో కవాటం ఒకటి విరిగి, మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆయన 112 రోజులు బతికారు. ఇలాంటి పంపుల్ని బల్ల మీద నెలల తరబడి ఆపకుండా నడిపేది అందుకే.

గ్లిజరిన్ నీళ్ళు చెప్పలేనిది కూడా ఒకటుంది. పంపు రాపిడికి ఎర్రకణాలు పగులుతున్నాయా అన్నది. దానికి పశువుల రక్తం పోసి కొన్ని గంటలు తిప్పుతారు. మధ్యమధ్యలో కాస్త తీసి తేరుస్తారు. పైన తేలే లేత పసుపు ద్రవం ఎర్రబారిందంటే కణాలు పగిలినట్టే. ఆ పంపు మళ్ళీ మరమ్మతుకు వెళ్ళాల్సిందే.