తెల్లకర్ర చెప్పే కథ

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అని ఒక ఊరున్నది. 1930వ సంవత్సరంలో ఒకనాడు ఆ ఊరి వీధిలో ఒక అంధుడు రోడ్డు దాటబోతున్నాడు. చేతిలో నల్లకర్ర. కింద రోడ్డూ నలుపే. కర్రను చూసి ఆగవలసిన మోటార్లవారికి ఆ కర్రే కనబడటం లేదు. అంతమంది కళ్ళున్నవారి మధ్య ఆ ఒక్క మనిషికి దారి దొరకలేదు.

ఇది చూసిన పెద్దమనిషి జార్జి బోన్‌హామ్. ఆయన ఆ ఊరి లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు. 'అయ్యో పాపం' అనుకుని తన దారిన తాను వెళ్ళిపోలేదు. కర్రకు తెల్లరంగు వేసి, ఎర్రపట్టీ ఒకటి పెడితే దూరంనుంచే కనిపిస్తుంది గదా అని ఆలోచించారు. క్లబ్బు సభ్యులు సరేనన్నారు. ఆ ఏడు డిసెంబరులోనే తెల్లకర్ర పట్టుకున్నవారికి బండ్లు దారి ఇవ్వాలని ఆ ఊళ్ళో శాసనం కూడా వచ్చింది.

ఈ ఊహ ఆయన ఒక్కరికే తట్టిందనుకోకండి. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరవాసి జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫరు, ప్రమాదంలో చూపు పోగొట్టుకుని, 1921లోనే తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. కాని ఒక మనిషి కర్ర పదిమంది కర్ర కావాలంటే పూనుకునేందుకు ఒక సంఘం కావాలి. పియోరియా క్లబ్బు చేసింది ఆ పనే. 1964నుంచి అమెరికాలో అక్టోబరు 15వ తేదీని తెల్లకర్ర దినంగా పాటిస్తున్నారు. మన దేశంలోనూ ఆ రోజున సభలు జరుగుతాయి.

ఇంతకూ లయన్స్ క్లబ్బులకూ కళ్ళకూ సంబంధం ఎలా కలిసింది? చికాగోలో భీమా వ్యాపారం చేసే మెల్విన్ జోన్స్ 1917లో ఈ సంస్థకు పునాది వేశారు. వ్యాపారస్థులు తమ లాభాలు మాట్లాడుకుని విందు భోంచేసి వెళ్ళిపోతే చాలునా, ఊరికి ఏదైనా చేయవద్దా అన్నది ఆయన ప్రశ్న. తర్వాత 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింటులో జరిగిన మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చారు. పందొమ్మిది నెలల పసితనంలోనే చూపూ, వినికిడీ కోల్పోయిన మహావిదుషి ఆమె. అంధుల పక్షాన నిలబడి పోరాడే వీరులు కమ్మని ఆమె వారిని కోరారు. ఆ కోరికను వారు కాదనలేదు. మన దేశంలో మొదటి లయన్స్ క్లబ్బు 1956లో బొంబాయిలో వెలిసింది.

మన ఊళ్ళలో ఈ క్లబ్బుల పేరు చెప్పగానే జ్ఞాపకం వచ్చేది కంటి శిబిరం. ఆదివారం పొద్దున్నే బడి వరండాలో బల్లలు వేస్తారు. ఒకరు పేర్లు వ్రాస్తారు. ఒకరు ముసలివారి చెయ్యి పట్టుకుని బెంచీ దాకా నడిపిస్తారు. అక్షరాలు రానివారికి, గుర్తు ఎటు తిరిగి ఉన్నదో వేలితో చూపించే అట్ట ఒకటి ఉంటుంది. పూర్వం ఆపరేషన్లు కూడా ఆ గదుల్లోనే చేసేవారు. అక్కడ శుభ్రత పాటించడం కష్టం. కంటికి చీము పడితే ఉన్న వెలుగు కూడా పోతుంది. అందుకని తర్వాత పద్ధతి మారింది. శిబిరంలో పరీక్ష మాత్రమే చేసి, ఆపరేషను కావలసినవారిని బస్సులో ఆసుపత్రికి చేరుస్తారు.

శుక్లమంటే కంటిమీద పెరిగే పొర అని చాలామంది అనుకుంటారు. కాదు. కంటిలోపలి కటకమే మసకబారుతుంది. చుక్కల మందులతో అది పోదు. ఆపరేషను చేసి తీయవలసిందే. పూర్వం తీసిన తర్వాత సీసా అడుగులంత మందమైన అద్దాలు పెట్టుకోవలసి వచ్చేది. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు కంటిలోపలే కృత్రిమ కటకం అమర్చి కొత్త దారి చూపారు. ఇప్పుడు అదే మామూలు పద్ధతి.

మరి వైద్యం ఇంత దగ్గరకు వచ్చినా, చూపులేక మూల కూర్చున్నవారు ఇంకా ఎందుకు ఉన్నారు? ప్రపంచంలో చూపు కోల్పోయినవారిలో సగానికి పైగా స్త్రీలే. ఇంట్లో తాతగారికి మసక కమ్మితే అబ్బాయి సెలవు పెట్టి తీసుకువెళతాడు. బామ్మగారైతే, 'వయసొచ్చింది, ఇక ఏం కనబడుతుందిలే' అని ఆవిడే అంటుంది. ఎవరూ కాదనరు. తోడు వెళ్ళేవారు లేకనే ఎన్నో కళ్ళు చీకటిలో ఉండిపోతున్నాయి. క్లబ్బువారు చేసే సేవలో అందరికీ కనబడని సేవ ఇదే: ఇంటికి వెళ్ళి పిలవడం, తోడు వెళ్ళడం, ఆపరేషను అయ్యాక మందులు సరిగా వేసుకుంటున్నారా అని మళ్ళీ వచ్చి చూడటం.

వీటన్నిటికీ డబ్బు కావాలి గదా. సహాయార్థం నాటకం వేస్తారు. సంచిక వేసి దుకాణాలవారి ప్రకటనలు సేకరిస్తారు. చందా పుస్తకం పట్టుకుని మన గుమ్మం ఎక్కుతారు. 'మన రూపాయితో విందులు చేసుకోరు గదా?' అని ఇల్లాలికి సందేహం రావడం సహజం. లయన్స్ క్లబ్బుల నియమం ప్రకారం పద్దులు రెండు. సభ్యుల చందాతో నడిచే క్లబ్బు ఖర్చుల పద్దు ఒకటి, సేవల పద్దు ఒకటి. ప్రజలనుంచి వసూలైన సొమ్ము సేవకే వెళ్ళాలి. కనుక రసీదు అడగండి, లెక్క అడగండి. మంచి క్లబ్బువారు నొచ్చుకోరు, సంతోషిస్తారు.

రూపాయి లేనివారూ ఇవ్వగలిగినది ఒకటున్నది. మరణించిన ఆరుగంటలలోపు కబురు చేస్తే నేత్రదానం వీలవుతుంది. కళ్ళజోడు పెట్టుకున్నవారూ, శుక్లం ఆపరేషను అయినవారూ ఇవ్వవచ్చు. ఇంటివారు చేయవలసింది స్వల్పమే: కనురెప్పలు మూసి, తడి దూది ఉంచి, ఫాను ఆపాలి. ఆ దుఃఖంలో అది గుర్తుండాలంటే ముందే ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవాలి.

ఈసారి శిబిరం కరపత్రం ఇంటికి వస్తే, పొట్లం కట్టడానికి దాచకండి. బామ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ వద్దంటుంది. అయినా సరే, ఆదివారం పొద్దున్న వెంట ఎవరు వెళతారో శనివారమే తేల్చుకోండి.